మాయి అనని మాట

“గంట పని. పిండి కలిపేసుకుంటే అయిపోయింది కదా,” అన్నాడు తాతబాబు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

నలభై మందికి జంతికలు చేయడం గంట పని అని ఆయనకు ఎవరు చెప్పారో సంతోషకుమారికి తెలియదు. బియ్యం కడగాలి, నీడలో ఆరబెట్టాలి, మరకు పట్టుకెళ్లాలి, వాము నలపాలి, నూనె ముందు నిలబడాలి. ఇనుపగనుల ఊరు బచేలీలో ఏది ఆరబెట్టినా ఎర్రధూళి పడకుండా పైన పాత చీర కప్పి, ఆ చీర ఎగిరిపోకుండా కాపలా కూడా ఉండాలి. ఇవేవీ గంటలోకి రావు కాబట్టి అవి పని కావు. ఆదివారం సాయంత్రం టౌన్‌షిప్ కమ్యూనిటీ హాల్లో తెర కట్టి, ‘నావ్‌వాలే’ కొత్త సీరియల్ మొదటి భాగం అందరూ కలిసి చూడాలని మగవాళ్లు నిర్ణయించారు. చివర్లో వేడి వేడి జంతికలు ఉండాలని కూడా వాళ్లే నిర్ణయించారు. “మా సంతోషి చేస్తుంది” అని ఆయన అక్కడే మాట ఇచ్చేసి వచ్చాడు. ఇంట్లో ఆయన పిలుపు ‘ఏమే’. ‘మా సంతోషి’ అని ఎక్కడైనా వినిపిస్తే ఆమె ముందుగా సిలిండర్ కదిపి చూసుకుంటుంది, గ్యాస్ ఎంతుందోనని.

ముప్పై ఏళ్ల పైమాటే, ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చిన హిందీ బొమ్మల సీరియల్ అది. ఒక పడవ, దాన్ని నడిపే కొంగ, అన్నిటికీ భయపడే ఎలుగుబంటి, ఎప్పుడూ కొట్టుకునే రెండు ఉడుతలు, అందరికీ వండిపెట్టే మాయి అనే ముసలి బాతు. ఇప్పుడు దాన్ని మళ్లీ తీస్తున్నారనగానే నలభైలు దాటిన మగవాళ్లంతా పిల్లలైపోయారు. ఫోన్లలో గుంపులు కట్టారు. కొంగ గొంతు మార్చేస్తారేమో, పడవ రంగు మార్చేస్తారేమో అని ఒకరినొకరు భయపెట్టుకున్నారు. వంటింట్లోంచి వింటున్న సంతోషకుమారికి వేరే అనుమానం వచ్చింది. వీళ్లకు తిరిగి కావలసింది సీరియలేనా, లేక ఆదివారం పొద్దున్న స్నానం చేయించి చేతిలో పళ్లెం పెట్టే మనిషా? ముందుగా విడుదల చేసిన చిన్న ముక్కను ఆమె కూడా ఫోన్లో చూసింది. మాయికి పూల అంచు ఏప్రన్ కట్టారు. మునుపటికంటే ఎక్కువ నవ్వుతోంది. ఫోటో తీసేటప్పుడు పక్కనుంచి ఎవరో గిల్లి నవ్వించినట్టుంది ఆ నవ్వు.

గొడవ మొదలుపెట్టింది జానీ. ఇప్పుడు గనిలో డంపర్ నడుపుతాడు గానీ చిన్నప్పుడు గీదం దాటాక ఉండే చిన్న స్టేషన్లో, సంతోషకుమారి పక్క క్వార్టర్ పిల్లవాడు. ప్రతి భాగం చివర్లో మాయి చెప్పే మాట కొత్తదాంట్లో తీసేశారని గుంపులో రాశాడు. అసలు మాటే అది, అది లేకపోతే చూడటం దేనికన్నాడు. ఆ రైల్వే క్వార్టర్లలో పెరిగి ఇప్పుడు విశాఖలో, రాయగడలో ఉన్నవాళ్లు కూడా అవునవునన్నారు. ఈ పూట మీరు వండుకోండి, నేను నీళ్లలోకి దిగుతున్నాను అని మాయి అనేదట. అలాంటి మాట ఎప్పుడూ లేదన్నాడు తాతబాబు. ఆయన టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినవాడు. వాళ్లింట్లో సొంత టీవీ ఉండేది. పాత భాగం ఒకటి ఎక్కడో వెతికి పట్టుకుని, జానీని భోజనానికి పిలిచి మరీ చూపించాడు. చివర్లో మాయి గరిటె పట్టుకుని వచ్చి, “ఖానా తయ్యార్ హై, హాథ్ ధో లో” అంది. వంటయింది, చేతులు కడుక్కోమని. అంతే.

జానీ ముఖం చిన్నదైపోయింది. “మరి మా అందరికీ ఎలా గుర్తుందన్నా?”

“గూడ్సుల మోతకి మీ బుర్రలు కదిలిపోయాయిరా,” అని నవ్వాడు తాతబాబు. “ఏమే, నువ్వూ అక్కడిదానివే కదా. నీకూ కదిలిందా?”

సంతోషకుమారి పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది.

గూడ్సు సంగతి నిజమే. ఆ క్వార్టర్లలో టీవీ ఉన్నది స్టేషన్ మాస్టరుగారింట్లోనే. ఆదివారాలు పిల్లలంతా అక్కడే నేల మీద కూర్చునేవారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇళ్ల పిల్లలు, హిందీ రాదు. గీదం బడిలో హిందీలో చదువుతున్నది సంతోషకుమారి ఒక్కతే కాబట్టి టీవీ పక్కన నిలబడి అన్ని గొంతులూ తెలుగులో తనే చెప్పేది. సరిగ్గా సీరియల్ చివరికి వచ్చేసరికి కిరండుల్ గనుల నుంచి ఇనుపరాయి నింపుకున్న బండి దిగేది. కిటికీలు అదిరేవి, యాంటెన్నా ఊగేది, తెర మీద చుక్కలు. ఆ పొడవాటి బండి వెళ్లిపోయేసరికి ముగింపు పాట వచ్చేది. మాయి నోరు తెరిచి ఏమందో ఎవరికీ వినపడేది కాదు. ఏమందో చెప్పమని జానీ ఒకసారి నేల మీద పడి ఏడ్చాడు. వాడి ఏడుపు ఆపడానికి, ముక్కుతో బాతు గొంతు పెట్టి, ఆ మాట తనే అల్లి అనేసింది. పిల్లలు పడి పడి నవ్వారు. తర్వాతి వారం నుంచి బండి శబ్దం రాగానే టీవీ వదిలేసి ఆమె నోటికేసి చూసేవారు.

సింకు ముందు నిలబడి ఆమె తన జ్ఞాపకాన్నే అనుమానించింది. పదేళ్ల పిల్లకు ఆ మాట ఎక్కడిది? బాతై పుట్టి మాయి ఒక్కసారీ నీళ్లలోకి దిగలేదని అప్పుడే గమనించిందా? జగదల్‌పూర్‌లో డిగ్రీ చదివి, టౌన్‌షిప్ బడిలో టీచరు పనికి వెళ్తానని అడిగినప్పుడు, “అన్నం చల్లారిపోతే నీ జీతంతో వేడి చేస్తావా?” అని అత్తగారు అంటే నోరు మూసుకున్న మనిషి తను. అంతకు పదేళ్ల ముందే అంత మాట అనగలిగిందంటే నమ్మబుద్ధి కాలేదు. అమ్మ ఎప్పుడైనా అంటే తను విందేమో. అమ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా తేలే సంగతి కాదది.

మర్నాడు పొద్దున్న ఆరబెట్టిన బియ్యానికి కాపలా కూర్చుని, కొత్తవలసలో తమ్ముడి దగ్గరున్న తల్లి నూకాలమ్మకు ఫోన్ చేసింది. ఆ మాట నువ్వు అనేదానివా అని అడిగింది.

“నానెందుకంటానమ్మా? టీవీలో బాతు కదా అన్నాది,” అంది నూకాలమ్మ.

“నువ్వు లోపలికి వచ్చి చూసేదానివి కాదుగా.”

“నానెక్కడ సూసినాను? పెరట్లో అంట్లు తోమీదాన్ని. ఊరికే పిల్లల్ని కూకోబెట్టుకుంతారేటి ఎవులైనా? కిటికీలోంచి ఇనీదాన్ని.”

సంతోషకుమారి బియ్యం మీద కప్పిన చీర అంచున పెట్టిన రాయిని కొంచెం జరిపింది. మాస్టరుగారి భార్యతో కబుర్లు చెప్పడానికి అమ్మ వస్తుందనే ఇన్నాళ్లూ అనుకుంది. బండి శబ్దంలో, పడే నీళ్ల శబ్దంలో, తన ముక్కుగొంతు కిటికీ అవతలికి ఎలా చేరిందో ఊహించుకోవడానికి ప్రయత్నించింది. మాట అందింది, గొంతు ఎవరిదో అందలేదు.

“ఒకపాలి నానూ అలాగే సేసినానే,” అంది నూకాలమ్మ, పక్కన ఎవరూ వినకుండా గొంతు తగ్గించి. “కూడొండనేదు. గెడ్డ కాడికెల్లి నీల్లలో కాల్లెట్టుకుని కూకున్నాను. పొద్దోయిందాకా ఉన్నాను. వొచ్చినాక మీ నాన్న కొట్నాడు. ఎవులు నేర్పినారే అన్నాడు. టీవీలో సెప్పినారన్నాను. టీవీలో సెప్పినారంటే తప్పు కాదనుకున్నాను.”

ఆ సాయంత్రం సంతోషకుమారికి గుర్తుంది. పొయ్యి చల్లగా ఉండటం, అమ్మ చెంప వాచి ఉండటం, అడిగితే తలుపు తగిలిందనడం. అమ్మ చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉండటం కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట నాదేనమ్మా అని చెప్పబోయింది. చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్లూ అమ్మ వెనక నిలబడిన టీవీ అనే పెద్ద ప్రపంచం పోయి, పదేళ్ల కూతురు మిగులుతుంది.

“మల్లీ తీత్తన్నారంట కదా, తమ్ముడు సెప్పినాడు,” అంది నూకాలమ్మ. “ఆ బాతు ఇప్పుడూ అంటాదేటి, ఆ మాట?”

“అంటుందమ్మా,” అంది సంతోషకుమారి. “ఆదివారం అంటుంది. ఫోన్ చేస్తాను, విందువుగాని.”

ఆదివారం పిండి కలిపింది. ఉప్పు, కారం, వెన్న అన్నీ ఎప్పటిలాగే సరిపోయాయి. పిండి గిన్నె, రెండు జంతికల గొట్టాలు, నూనె డబ్బా హాలు వెనక గదిలో సర్దింది. చివరి పది నిమిషాలు ఉండగా మొదలుపెడితే ఆట అయ్యేసరికి వేడిగా అందుతాయని తాతబాబు లెక్క. అంటే ఆ చివరి పది నిమిషాలు ఆమె చూడదు. ఆ సంగతి ఆయన లెక్కలో తప్పు కాదు, అసలు అందులో లేదు. జానీ భార్య శాంతిప్రియ స్టవ్ వెలిగించబోతే సంతోషకుమారి వద్దంది. పిండి మీద తడిగుడ్డ కప్పి, “రా, లోపల కూర్చుందాం,” అని ఆమెను కూడా తీసుకెళ్లి జానీ ఉన్న వరుసలో కూర్చుంది. ముందు వరుసలోంచి తాతబాబు వెనక్కి తిరిగి చూసి కళ్లతోనే గది వైపు చూపించాడు. ఆమె తెర వైపు చూసింది.

కొత్త పడవ పాతదానికంటే పెద్దది. కొంగ గొంతు మారింది. మగవాళ్లు గొణిగారు. మాయి మాత్రం మారలేదు. పడవ ఎక్కడ ఆగినా గరిటె దగ్గరే ఉంది. ముగింపు దగ్గరపడుతుంటే సంతోషకుమారి అమ్మకు ఫోన్ కలిపి ఒళ్లో పెట్టుకుంది. తెర మీద మాయి పూల ఏప్రన్‌తో తలుపులోకి వచ్చింది.

“ఖానా తయ్యార్ హై, హాథ్ ధో లో.”

హాల్లో సగం తలలు వెనక గది వైపు తిరిగాయి.

“ఈ పూట మీరు వండుకోండి,” అంది సంతోషకుమారి ముక్కుతో, గట్టిగా. “నేను నీళ్లలోకి దిగుతున్నాను.”

జానీ చేతిలోంచి ఫోన్ జారి కింద పడింది. “అక్కా,” అన్నాడు, “నువ్వా?” ఆమె తల ఊపింది. అప్పటికే హాలంతా నవ్వుతోంది. మా సంతోషికి ఇలాంటివి బాగా వచ్చు అన్నట్టు తాతబాబు కూడా అటూ ఇటూ చూసి నవ్వాడు. ఒళ్లోంచి నూకాలమ్మ గొంతు సన్నగా వినిపించింది. “అన్నాది, అన్నాది,” అని ఎవరికో చెబుతోంది.

నవ్వు ఆగింది. లైట్లు వెలిగాయి. సంతోషకుమారి లేవలేదు. తాతబాబు కుర్చీల మధ్య నుంచి వచ్చి, వంగి, మెల్లగా, “లే మరి. నూనె ఇంకా పెట్టలేదు. అందరూ చూస్తున్నారు,” అన్నాడు.

“గంట పనే కదండీ,” అంది ఆమె. ఆయన వెనక గదిలోకి వెళ్లడానికి వీలుగా మోకాళ్లు పక్కకు జరిపింది.