వాటానికి అడ్డంగా

ఓయ్‌దిన్‌ను చంపింది మవ్లూదా. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు. తెలిసీ అందరూ ఆమె ఇంట పలావు తిన్నారు.

ఓయ్‌దిన్ మొగుడు ఎర్గష్ ఎవరికీ గుర్తు చెయ్యలేదు. మర్గిలాన్ ఊరి ఎండలో చూరుకు నిచ్చెన ఆనించుకుని, వాన గొట్టాలకు రేకు కత్తిరించి, అంచులకు పూలు తీర్చి బతుకుతున్నాడు. ఆ రోజు అరచేతిలో రేకు దిగింది. గుడ్డ చుట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడో లేదో, మవ్లూదా మొగుడు కోమిల్ వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు.

"బావా, కాస్త దిగు. నీతో పని పడింది."

"అక్కణ్ణుంచే చెప్పు. నా చెవులు బాగానే ఉన్నాయి."

"చిన్నోడి పెళ్లి. రేపు మా ఇంట్లో హషర్. ఆడవాళ్లు కేరట్లు తరగడానికి వస్తున్నారు. వంటింట్లో ఆ ఫ్రిజ్జూ, పొయ్యీ మచ్చలు పడి ఉన్నాయి. రేకు పనివాడివి, నీ చెయ్యి పడితే పోతాయంటోంది మీ చెల్లెలు. పెళ్లికూతురి వాళ్లు వంటిల్లు చూడకుండా పోరు కదా."

"ఏం మచ్చలు?"

కోమిల్ బూటుతో మట్టి గీకాడు. "అవే. అప్పటివి."

హషర్‌కు కూలి ఉండదు. ఒకరింటి పనికి పేటంతా చెయ్యి వెయ్యాలి, తర్వాత ఇంకొకరింటికి. చెప్పుకోవడానికి అంతే. కోమిల్ ఇల్లు కట్టినప్పుడు ఎర్గష్ చూరంతా ఊరికే వేసిపెట్టాడు. ఎర్గష్ గోడ వానకు కూలినప్పుడు కోమిల్ ఇంటినుంచి ఒక రొట్టె, దానితోపాటు దీవెనలు వచ్చాయి. అయినా పిలిస్తే కాదనేవాడు లేడు. రానివాడి జనాజా మొయ్యడానికి ఎవరూ రారు. ఆ భయంతోనే, దగ్గు తగ్గకపోయినా, కోమిల్ పెద్దకొడుకు పెళ్లికి ఓయ్‌దిన్ హషర్‌కు వెళ్లింది. "రేపు మన పిల్ల పెళ్లికి మనింటికి ఎవరొస్తారయ్యా?" అంది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

మవ్లూదా కొన్న స్టీలు ఫ్రిజ్జు, పొయ్యి మీద నీలం ప్లాస్టిక్ పొర కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంచింది. ఆ పేటలో అందరి అలవాటూ అదే. వాడుకున్నా ఒలవరు. పెళ్లినాడు ఒలిస్తే కొత్తగా మెరవాలి. ఏళ్ల తరబడి పొయ్యి సెగకు ఆ పొర స్టీలును కరిచి పట్టుకుంది. తీరా ఒలిస్తే ముక్కలు ముక్కలుగా ఊడి, జిగురు మిగిలింది. వేణ్ణీళ్లూ సబ్బూ కాస్త నూనే రాసి, ఓపిక పడితే పోయేదే. ఓపిక ఎక్కడిది? ఆడపెళ్లివారు వీధి మలుపు తిరిగారు. మవ్లూదా గిన్నెలో తెల్లబట్టలకు వేసే క్లోరిన్ ఒంపింది. చాలదని గార పోగొట్టే యాసిడ్ కూడా అందులోనే ఒంపింది. ఓయ్‌దిన్ చేతికి గుడ్డ ఇచ్చి రుద్దమంది. ఆ ఘాటు వాకిట్లోకి వస్తే పరువు పోతుందని కిటికీ మూసింది. చుట్టాలెవరైనా పొరపాటున తలుపు తెరుస్తారని బయట గడియ పెట్టింది. "అయ్యాక పిలువు" అంది.

ఓయ్‌దిన్ పిలిచింది. వాకిట్లో బాకాలు మోగుతున్నాయి.

ఆమె ఊపిరితిత్తులు ముందే చెడ్డాయి, రాత అంతే, అన్నారు. కోమిల్ ఇంటినుంచి ఒక గొర్రె వచ్చింది. ఎర్గష్ దాన్ని వీధిలోకి తోలేశాడు.

ఇప్పుడు నిచ్చెన మీదినుంచి కోమిల్ బట్టతల కేసి చూసి, "వస్తాను" అన్నాడు.

మర్నాడు వాకిట్లో చాపల మీద ఆడవాళ్లు, మధ్యలో కేరట్ల గుట్ట.

"ఎర్గష్ అన్నా, ఆడాళ్ల హషర్‌కు నువ్వేంటి? కేరట్లు తరుగుతావా?"

"కత్తి తెచ్చాను. ముందు నీ నాలుకతో మొదలెట్టనా?"

అందరూ నవ్వారు. హాలిదా ఒక్కతే నవ్వలేదు. ఆమె ఓయ్‌దిన్‌కు పక్కింటి మనిషి.

మవ్లూదా పట్టు గౌను కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వంటింట్లోకి దారి తీసింది. ఎర్గష్ వేణ్ణీళ్లు అడిగాడు. మెత్తటి గుడ్డతో, స్టీలు మీద సన్నటి గీతలు సాగే వాటం వెంబడి, పైనుంచి కిందికి తుడిచాడు. పొడిగుడ్డతో తడి ఆర్చి, నూనె చుక్క పామాడు. ఫ్రిజ్జు తలుపు సగం నీళ్లలా మెరిసింది. రెండో సగంలో క్లోరిన్ తిన్న గుంటలు, మశూచి మొహంలా.

"నీ చేతిలో విద్య ఉందన్నయ్యా! మరి ఆ మచ్చలో?"

"వాటికీ మందుంది. ముందు ఒక్క మాట చెప్పు. ఆ రోజు గడియ ఎవరు పెట్టారు? వాకిట్లో వాళ్లు వినేలా చెప్పు. చెబితే ఇల్లంతా మెరిపించి పోతాను."

"పెళ్లింట్లో చావు మాటలెందుకన్నయ్యా..."

"చెప్పు."

"తనే పెట్టుకుంది. ఘాటు బయటికి రాకూడదని తనే..."

"గడియ బయట ఉంది మవ్లూదా."

వాకిట్లో కత్తులు ఆగాయి. మవ్లూదా గుమ్మంలోకి వచ్చి గొంతు పెంచింది. "మీరంతా మా ఉప్పు తిన్నవాళ్లేగా. నేను పెట్టడం ఎవరైనా చూశారా?"

ఎవరూ తల ఎత్తలేదు.

ఎర్గష్ సంచిలోంచి ముతక గరుకు కాగితం తీసి చెక్కకు చుట్టాడు. తాను మెరిపించిన సగం మీదే మొదలుపెట్టాడు. వాటానికి అడ్డంగా, ఈ అంచునుంచి ఆ అంచుకు, భుజం బలమంతా పెట్టి. స్టీలు కీచుమంది. మవ్లూదా కేకపెట్టింది. ఫ్రిజ్జు అయ్యాక పొయ్యి తలుపు పట్టాడు. కోమిల్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించి, పొగగొట్టం ముందు రేకును కూడా గీశాడు.

"మా పరువు తీశావు కదరా!"

"వాటం వెంబడి పడ్డ గీత పోతుంది. అడ్డంగా పడ్డది పోదు. ఎవరు రుద్దినా పోదు. కోడలొచ్చి రోజూ చూసుకుంటుంది."

హాలిదా లేచింది. కత్తిని కేరట్ల మీద పడేసింది.

"గడియ నువ్వే పెట్టావు మవ్లూదా. నేను చూశాను. చూసి నోరు మూసుకుని పలావు తిన్నాను. ఇంక నీ ఇంట చెయ్యి వెయ్యను."

ఆమె వెళ్లిపోయింది. మిగతావాళ్లు కేరట్ల కేసి చూస్తూ కూచున్నారు. తరగలేదు. లేవనూ లేదు.

సాయంత్రం పేటపెద్ద మమసాలి వచ్చాడు. ఎర్గష్ చాప పరిచి టీ పెట్టాడు.

"ఒరేయ్ ఎర్గష్, కోపంలో జరిగిందేదో జరిగింది. పద, వచ్చి కోమిల్ చెయ్యి పట్టుకో. నీ బాధేమిటో పదిమందిలో చెప్పుకో. లేకపోతే రేపు నీ జనాజాకు మనిషి రాడు."

"రానక్కర్లేదు బాబాయ్. ఓయ్‌దిన్ పిలిస్తే ఎవరొచ్చారు?"

"అదే, ఆ మాటే వచ్చి చెప్పు..."

"చెప్పడం అయిపోయింది. నువ్వడిగినా, నా కూతురడిగినా, పైనున్నవాడే అడిగినా, ఈ సంగతి మీద నా నోట ఇంకో మాట రాదు."

"అది కాదురా..."

గౌరవమున్న మనిషికి పియాలా కప్పులో సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోస్తూ కూచోబెట్టుకోవచ్చని. ఎర్గష్ అంచుదాకా పోసి, మమసాలి ముందుకు జరిపి, చేతులు కట్టుకున్నాడు.