దొరసాని గారి ఉత్తరం

పక్షవాతం వచ్చిన ప్రేమరాజు గారు పెరటి చివరి దాకా నడవలేకపోతున్నారని, ఆయన భార్య జ్ఞానమణి పడకగది పక్కనే చిన్న మరుగుదొడ్డి కట్టించడం మొదలుపెట్టింది. పాస్టరు గారు ప్రార్థన చేసి మొదటి రాయి వేశారు. ఇంకో అనుమతి కావాలని ఎవరికీ తోచలేదు. గోడ నడుమెత్తు లేచేసరికి పని ఆపమని పంచాయతీ నోటీసు వచ్చింది.

జ్ఞానమణి బైబిల్లో దాచుకున్న ఉత్తరం తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. ముప్పై ఏళ్ల కిందట ఆ ఇంట్లో ఉండమని మిషను దొరసాని రాసిచ్చింది అది. గుమస్తా రమణబాబు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇందులో ఉండమన్నారు గానీ కట్టుకోమన్నేదు కదమ్మా. స్థలం మిషనుది. ప్లాను మీద ఆళ్ల సంతకం కావాల."

"దొరసాని గారు పోయారు బాబూ. మిషనోళ్ల ఆస్తి తగువు కోర్టులో ఉంది. సంతకం ఎవరెడతారు?"

"ప్రార్థన సేసినాయన్నే ఎట్టమను," అని పక్క బల్ల దగ్గరాయన నవ్వాడు.

"ఆయనుండేదీ మిషను ఇల్లేనండీ," అంది జ్ఞానమణి.

రమణబాబు నవ్వలేదు. ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి ఇచ్చేశాడు.

ఇల్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. మంచం మీంచి ప్రేమరాజు గారు చెయ్యి చాచారు.

"మణీ, బేగి."

ఆమె ఆయన్ని భుజానికి ఆనించుకుని, తడుస్తున్న సగం గోడ పక్కనుంచి పెరటి చివరికి నడిపించింది.