మరిది పెట్టిన మ్యాప్

ఇంటింటికీ తిరిగి గర్భిణులను చూసే నర్సమ్మ చాలా గుట్టు మనిషి. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో ఆమె కట్టుకున్నవాడికి కూడా తెలియదు. తోడికోడలు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, "ముందు నీ కూర మాడుతోంది చూసుకో" అని మాట మార్చేస్తుంది. అలాంటి మనిషి వల్ల ఒక గర్భిణి ప్రాణం మీదికి రాబోయిందంటే మీరు నమ్మరు. 

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మరిది ఫోను చూస్తూ నవ్వాడు.

"వదినా, రోజూ పదకొండింటికి ఆ టైర్ల కొట్టు వెనక మేడలో నీకేం పని? అరగంట దాకా కదలవు!"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నీకెలా తెలుసు?"

"భలేదానివే! నువ్వు కొత్తలో దారి తప్పుతున్నావని మ్యాప్ పెట్టిచ్చింది నేనే కదా. నీకు అకౌంట్ లేదని నాదే పెట్టాను. నువ్వు తిరిగిన చోట్లన్నీ ఇందులో ఉన్నాయి." అతను ఫోను పక్కన పెట్టాడు. "మా బస్సు డిపోలో ఒకతనున్నాడు పాపం. కడుపుతో ఉన్న భార్య అలిగి వెళ్లిపోయిందట. ఆమెను చూసేది నువ్వేనని ఎవరో చెప్పారట. మీ వదిన ఎక్కడికెళ్తుందో కనుక్కోమని ఒకటే బతిమాలుతున్నాడు. మొగుడూపెళ్లాలను కలిపితే పుణ్యమేగా? సాయంత్రం చెప్తానన్నాను."

"ఇంకా చెప్పలేదు కదా?"

"లేదు. ఏమైంది వదినా?"

ఇన్నేళ్లలో మొదటిసారి నర్సమ్మ తన నియమం తప్పింది. "ఆ అమ్మాయి అలగలేదు. వాడు విరగ్గొట్టిన చేతికి కట్టు కట్టింది నేనే. బీపీ ఎక్కువగా ఉందని రోజూ వెళ్లి చూస్తున్నాను. నువ్వు ఆ మేడ చూపిస్తే రెండు ప్రాణాలు పోతాయి."

మరిది కంచం పక్కకు జరిపాడు. "మంచికే అనుకున్నాను వదినా. ఒట్టు, నాకేమీ తెలియదు." అప్పటికప్పుడే ఆ డిపో మనిషికి ఫోను చేసి, మా వదిన సంగతులు నన్ను అడగొద్దని కరాకండిగా చెప్పేశాడు.

చేతులు కడుక్కుని ఇద్దరూ నర్సమ్మ ఫోను ముందు కూర్చున్నారు. అతను పాత వివరాలన్నీ చెరిపేసి, తన అకౌంట్ తీసేసి, వేరే మ్యాప్ ఎక్కించాడు.

"దీనికి అకౌంటే అక్కర్లేదు. ఊరి మ్యాపంతా ముందే దించుకుంటే నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది. నువ్వెక్కడ తిరిగావో ఎవరికీ పంపదు. కాకపోతే ట్రాఫిక్ చెప్పదు, కొన్ని కొత్త సందులు ఉండవు."

"ఉండకపోతే నాకు నోరుంది. అడుగుతాను."

మర్నాడు మేడ మీది గదిలో నర్సమ్మ జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుని అంతా వింది. నర్సమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదక్కా," అంది ఆ అమ్మాయి.

"నీకు తెలియాలి తల్లీ. ఇక్కడ ఉండాలో, ఇల్లు మారాలో తేల్చుకోవాల్సింది నువ్వు."

ఆ అమ్మాయి తన ఫోను తీసి ఇచ్చింది. "ఉంటాను. నా దాంట్లో కూడా ఆ కొత్తది పెట్టండి. ఇది మా ఆయన కొనిచ్చిన ఫోను."

నర్సమ్మ గబగబా తెరిచి చూస్తే అందులోనూ మ్యాప్ ఉంది, దాని అకౌంట్ భర్తదే. సిమ్ మార్చాక నెట్ వేయించుకోలేదు కాబట్టి ఆమె ఉన్న చోటు అతనికి చేరలేదు. అంతే, అంతకుమించి ఆమెను కాపాడిందేమీ లేదు. నర్సమ్మ ముందు ఆ అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే తన ఫోను నుంచి నెట్ ఇచ్చి కొత్త మ్యాప్ ఎక్కించింది.

ఆ వారం ఆరోగ్య కేంద్రం సమావేశంలో నర్సమ్మ పేర్లు చెప్పకుండా ఈ సంగతి తోటి నర్సులకు వివరించింది. ఒకామె, "మనమేమైనా దొంగలమా, దాచుకోవడానికి?" అని నవ్వింది.

నర్సమ్మ నవ్వలేదు. "దాక్కున్నవాళ్ల ఇళ్లకు వెళ్లేది మనమేనమ్మా. మనకు దారి చూపించే మ్యాప్ ఆ దారి ఇంకెవరికి చూపిస్తోందో తెలుసుకుని, ఎవరికీ చూపించనిదే ఎంచుకోండి. మనం దారి తప్పితే ఎవరినైనా అడిగి వెళ్లొచ్చు, ఆ తల్లి జాడ ఒకసారి బయటపడితే మళ్లీ దాచడం మన చేతుల్లో ఉండదు."