ముల్లు దిగని తూకం

పాత బనియను గుడ్డతో తూకం మిషన్ అద్దం తుడిచి, మునెయ్య దాన్ని గచ్చు మీద కదలకుండా ఆనించాడు. ముల్లు సున్నా మీద నిలిచింది. పగలంతా మదనపల్లె బస్టాండులో ఊరి జనం ఎక్కిదిగే మిషన్ అది. బోణీ మాత్రం రోజూ ఇంట్లోనే.

"ఏమ్మే, వచ్చి ఎక్కు."

రెడ్డెమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. చెప్పులు విడిచింది. భుజం మీది తువ్వాలు కూడా తీసి పక్కన పెట్టింది. నడుముకు కట్టుకున్న వక్కాకు తిత్తి మాత్రం తీయలేదు. మొదట్లో ఒకసారి తీయమన్నాడు పాపం. "తిత్తి మీద పడినావేందయ్యా? ఉండేది రెండాకులు, రవ్వంత సున్నం. అదేమన్నా తూకం గుండా?" అని కసిరింది. పుట్టింటి నుంచి కట్టుకుని వచ్చిన తిత్తి, నిద్రలో కూడా విప్పదు. మునెయ్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ముల్లు ఊగి ఊగి నలభై దాటి నిలబడింది.

"దిగిందా?" అంది రెడ్డెమ్మ, కిందికి చూడకుండానే.

"దిగలే. నిన్నటి మాదిరే ఉండాది."

"అయితే కూసోని సంగటి తిను. ముల్లు దిగిన దినం నువ్వు కూడు ముట్టవు. రోగం నాదా, నీదా?"

మునెయ్య కడుపునిండా తిన్నాడు. ఆమె రెండు ముద్దలు కతికి చెయ్యి కడుక్కుంది.

రెడ్డెమ్మ ఒకప్పుడు పుంగనూరు సంతలో కూరగాయలమ్మేది. ఆమె తక్కెడ పట్టిందంటే వేలెత్తి చూపేవాడు లేడు. మునెయ్య టమాటా మండీలో బరువులు మోసి మోసి, నడుము పడిపోయాక ఈ మిషన్ కొనుక్కున్నాడు. మోసే బతుకు పోయి చూసే బతుకు వచ్చిందని తనమీద తనే నవ్వుకునేవాడు. ఎండాకాలంలో రెడ్డెమ్మ మంచం పట్టింది. కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరు మందులిచ్చి, ఒక్క మాట గట్టిగా చెప్పాడు: బరువు నలభై కిందికి దిగితే ఒక్క పూట కూడా ఆగొద్దు, తీసుకొచ్చి చేర్చండి.

మొదట్లో ముల్లు దిగుతూనే వచ్చింది. మునెయ్యకు గుండెల్లో రాయి పడింది. వినాయక చవితి వెళ్ళాక ఉన్నట్టుండి ఆగిపోయింది. మనిషి చూస్తే చిక్కి సగమైంది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ముల్లు మాత్రం దిగదు. ఇదేం మాయో ఆయనకు అంతుపట్టలేదు. అడుగుదామంటే ఎవరినడగాలి?

బస్టాండులో ఆ పొద్దున నీలిమ కనిపించింది. పుంగనూరు బడిలో సైన్సు టీచరు. బస్సు ఆలస్యమైతే వచ్చి మిషన్ ఎక్కి దిగుతుంది.

"అమ్మా, మనిషి చిక్కిపోతాంటే బరువు నిలబడతాదా?" అన్నాడు మునెయ్య.

"బరువంటే ఏంది తాతా, భూమి మనల్ని లాగే లాగుడు. భూమిలో సరుకు చానా ఉండాది, అందుకే గట్టిగా లాగుతాది. చంద్రుడిలో సరుకు తక్కువ. ఆడ ఈ మిషన్ ఎక్కితే ముల్లు ఆరో వంతే చూపిస్తాది."

మునెయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. రెడ్డెమ్మకు ఏలినాటి శని నడుస్తోందని పూజారి చెప్పినప్పటి నుంచీ ఆయనకు అదొక్కటే దిగులు. "మరి శనిలో?"

"శనిలో సరుకు భూమికి తొంభై ఇంతల పైనే. కానీ ఉబ్బిన బోండా మాదిరి వదులుగా పరుచుకోని ఉండాది. దాని పైన నిలబడినా ముల్లు ఇంచుమించు ఈడ చూపిచ్చినంతే చూపిస్తాది."

మునెయ్య తల గోక్కున్నాడు. అంత లావు శని లాగేదీ, ఈ భూమి లాగేదీ ఒకటేనా? "ఆయప్ప పైనుంచి లాగితే మనిషి తేలికవ్వాల గదా?"

"అంత దూరం నుంచి ఏం లాగుతాడు తాతా. దూరమయ్యేకొద్దీ లాగుడు తగ్గిపోతాది. మనిషిలో ఉండే సరుకు మాత్రం యాడికి పోయినా మారదు. దాన్ని ద్రవ్యరాశి అంటారు."

"మా ఇంటామెది మీనరాశి."

నీలిమ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగింది. "ఆ రాశి కాదు తాతా. కళ్ళంలో వడ్లు రాశి పోస్తారే, అట్లాంటిది."

"ఆ రాశి తరిగిపోతా, ముల్లు దిగకపోతే?"

"మిషనన్నా తప్పు చూపిస్తాండాల, భూమి బరువన్నా పెరిగుండాల. భూమి ఏం పెరగలేదు తాతా. మిషన్ ఒకసారి బాగుచేసేవాళ్ళకు చూపిచ్చు." బస్సు రాగానే ఆమె పరుగెత్తింది.

మునెయ్య ఒక ప్రయాణికుణ్ణి బతిమాలి అతని పాతిక కేజీల బియ్యం మూట మిషన్ మీదికి ఎత్తించాడు. ముల్లు పాతిక మీద నిలిచింది. మిషన్ తప్పు లేదు. ఇక మిగిలింది భూమి. చెప్పు విడిచి అరికాలు నేలకు ఆనించి చూశాడు. టీచరమ్మ చదువుకున్నదే, కాదనలేదు. అయినా భూమికి ఎవరిమీద ఎంత ప్రేమో పుస్తకంలో రాస్తారా? ఈ నేల తన రెడ్డెమ్మను విడవకుండా గట్టిగా పట్టుకుంది. అర్థమయ్యీ కానట్టే ఉన్నా ఆ మాట ఆయనకు ఎంతో బాగుంది. సాయంత్రం ముందే మిషన్ ఎత్తుకుని, దారిలో లేత తమలపాకులు ఒక కట్ట తీసుకున్నాడు.

వాకిట్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పక్కింటి కౌసల్య ఎదురొచ్చింది.

"టీ తాగి పండుకునింది మామా. లేపితే లేయలే."

మునెయ్య మిషన్ దించి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. "పొద్దున ముల్లు దిగలేదే," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

స్నానం చేయించేటప్పుడు తిత్తి విప్పి కౌసల్య ఆయన చేతికిచ్చింది. "ఇంత బరువేంది మామా, దీంట్లో?"

పైన రెండు ఆకులు, ఎప్పుడో ఎండి పొడైపోయాయి. వాటి కింద పాత చీర పేలిక. అందులో సంతలో వాడిన ఇనుప గుండ్లు, ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా చుట్టి ఉన్నాయి. పావు కేజీ, అర, కేజీ. ముల్లు దిగేకొద్దీ ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చింది. ఆయన సంగటి తినాలని.

అంటే ఆమె బరువు ఎప్పుడో నలభై కిందికి దిగిపోయింది. కుప్పం పోవలసిన రోజు ఎప్పుడో వెళ్ళిపోయింది. పొద్దున తను కడుపునిండా తిన్న సంగటి మునెయ్యకు గుర్తొచ్చింది. భూమి గట్టిగా పట్టుకున్నది ఆమెను కాదు, ఈ గుండ్లను.

జనం వెళ్ళాక మిషన్ ముందుకు లాక్కుని తిత్తిని దాని మీద పెట్టాడు. ముల్లు కాస్త లేచి, ఊగి, తిత్తి బరువు దగ్గర నిలబడింది.