గాలికి దోవ ఇచ్చిన కొప్పు

పొద్దున్నే గొర్రెల దొడ్డి ఊడ్చి, ఇంత సద్దికూడు తిని, గోపిక మర్రిపాడు రోడ్డెక్కి ఆత్మకూరు బస్సు పట్టుకునేది. అక్కడ బ్యూటీషియన్ ట్రైనింగ్. సాయంత్రం ఇల్లు చేరగానే వాళ్లవ్వ ఓబులమ్మను అరుగు మీద కూర్చోబెట్టి తల దువ్వేది.

ఓబులమ్మ జుట్టులో గాలి ఉండేది. ఉదయగిరి కొండ గాలి; ఆమె పుట్టినప్పట్నుంచీ దాని కాపురం అక్కడే. సజ్జలు తూర్పారబట్టేనాడు గాలి ఆడకపోతే రైతులు ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. ఆమె కళ్లం పక్కన కూర్చుని జుట్టు విప్పితే పొట్టంతా ఎగిరిపోయేది. తర్వాత టీ తాగి, తలకు గుడ్డ చుట్టుకుని వచ్చేది. ముడేస్తే నిలిచే జుట్టు కాదది.

పరీక్షలో నడినెత్తిన అలలు అలలుగా పొంగి నిలబడే పెద్ద కొప్పు వెయ్యాలి. మొదటిసారి వేసిన కొప్పు మార్కులు వేసేలోపే జారిపోయేసరికి గోపిక ఫెయిలైంది. నాయన వెంగయ్య కోప్పడలేదు.

"ఈసారి గూడా తప్పితే గొర్రెలెంట వలస రావాల్సిందే. నాకూ మనిషి కావాల గదమ్మా" అన్నాడు.

తల అప్పగించి కూర్చునే తీరిక అవ్వకు తప్ప ఎవరికీ లేదు. గోపిక గట్టిగా లాగి, ముప్పై పిన్నులు గుచ్చేది. అన్నీ ఎగిరి వాకిట్లో పడేవి. గింజలనుకుని కోళ్లు పరిగెత్తుకొచ్చేవి. ఇరవై రోజులు ఇదే వరస.

ఒకనాడు దువ్వెన విసిరికొట్టి ఏడ్చింది. "నీ జుట్టు నా మీద పగబట్టినాది అవ్వా!"

"ఏందిమే ఆ ఏడుపు? నువ్వు గొంతు పిసికితే గాలి ఊరుకుంటాదా? గొర్రెల్ని ఇట్టనే తోల్తావా? దోవ ఇచ్చి పక్కన నడస్తావు గదా!"

గోపిక కళ్లు తుడుచుకుంది. ఈసారి లాగలేదు. గాలి ఎటు పోతోందో వేలితో చూసుకుని, అటే పాయను వదులుగా మెలిపెట్టింది. దానిపక్కన ఇంకోటి. గాలి లోపలికి దూరి పాయలన్నిటినీ పొంగించింది. ఏడు పిన్నులు సరిపోయాయి.

రెండోసారి పరీక్షకు కొప్పు వెయ్యడానికి మిగతా అందరూ పడుచుపిల్లల్ని తెచ్చుకున్నారు; గోపిక అవ్వనే తీసుకెళ్లింది. ఓబులమ్మ తెల్లజుట్టు చూసి, తోటి ట్రైనీ సుకన్య నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. పరీక్ష పెట్టడానికి నెల్లూరు నుంచి వచ్చిన రేణుకాదేవి మేడమ్ కొప్పులన్నీ పూర్తయ్యాక స్టాండు ఫ్యాను తెప్పించింది.

"పెళ్లిలో ఫ్యాను కింద నిలవని కొప్పు కొప్పే కాదు" అని ఒక్కొక్కరి ముందూ పెట్టించింది. పాయలు ఊడాయి. సుకన్య వేసిన కొప్పు పక్కకు ఒరిగింది.

ఓబులమ్మ ముందు పెట్టగానే కొప్పు ఊపిరి పీల్చుకున్నట్టు ఇంకాస్త పొంగింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి, ఆగాయి, వెనక్కి తిరగసాగాయి. రేణుకాదేవి పైట పట్టుకుని కొప్పు చుట్టూ ఓసారి నడిచింది.

"ఎన్ని పిన్నులు?"

"ఏడు మేడమ్."

ఆమె అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది. "బుధవారం వింజమూరులో పెళ్లికూతురుని తయారుచెయ్యాలి. నాతో వస్తావా?"

గోపిక బయటికొచ్చి నాయనకు ఫోన్ చేసింది. "పాసైనాను నాయనా! గొర్రెలకాడికి ఇంకో మనిషిని మాట్లాడుకో!"

బస్టాండు దగ్గర పిన్నులు తీయబోతే ఓబులమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోవద్దుమే. డెబ్బై ఏళ్లకు తొలి కొప్పు. బజారంతా ఒక్క చుట్టు తిరిగొద్దాం పా."