సోదా జరుగుతోందమ్మా

తుపాను అని పేరుపడ్డ ఆయన టైపు కొడుతుంటే కంప్యూటరే చేతులెత్తి దండం పెట్టి, "అయ్యా, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అని బతిమాలుకునేది. అక్షరాలు తెర మీదికి ఎక్కే సందు లేక వెనక వరస కట్టి నిలబడేవి. ఆయన భోజనానికి లేచి చేతులు కడుక్కుంటుంటే, అప్పుడు వచ్చేవి ఒక్కొక్కటే, ఒగర్చుకుంటూ. అలాంటి వేళ్ళు మరే ఆసుపత్రిలోనూ లేవు. ఒట్టేసి చెప్పగలను.

అలాంటి వేళ్ళకి వణుకు పట్టుకుంది.

మొదట కుడిచేతి చూపుడువేలు, ఆ తర్వాత చెయ్యంతా. ఇంట్లో భార్య కనిపెట్టి, ఆయన గ్లాసులో నీళ్ళు సగానికి మించి పోయడం మానేసింది. ఆఫీసులో ఎవరూ కనిపెట్టలేదు. ఆ పుణ్యం యాంటీవైరస్‌ది.

ఆసుపత్రి మెట్ల కింద ఇరుకు గది. మూడు బల్లలు, వాటి మీద మూడు ముసలి కంప్యూటర్లు, మూలన వాటి మీద పెత్తనం చేసే పెద్ద కంప్యూటరు. రక్త పరీక్షలు చేసేవాళ్ళు చీటీల మీద రాసిచ్చిన అంకెల్ని రిపోర్టులుగా కొట్టి వార్డులకి పంపడం ఇక్కడి పని. పైవాళ్ళు ఎక్కడి నుంచో యాంటీవైరస్ తెచ్చి ఈ ముసలి ప్రాణాల నెత్తిన కూర్చోబెట్టారు. అది నడుం వంచిందంటే ప్రతి ఫైలునూ గోనెసంచి దులిపినట్టు దులిపేది. అంతసేపూ తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఒక అక్షరం కొట్టి, అది కనపడేలోగా ఒక కునుకు తీయవచ్చు. గదిలోవాళ్ళు దానికి 'సోదా' అని పేరు పెట్టారు. ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి రిపోర్టు అడిగితే, "సోదా జరుగుతోందమ్మా" అని రెక్క మూసెయ్యడమే.

అందరూ నత్తల్లా పాకుతుంటే అందులో ఒక నత్త చెయ్యి వణుకుతోందని ఎవరికి తెలుస్తుంది? తుపానుకి కావలసింది అదే. వణుకు బయటపడితే కుర్చీలోంచి లేపి, గేటు దగ్గర టోకెన్లు ఇచ్చే స్టూలు మీద కూలేస్తారు. ఆ స్టూలు వైపు చూడకుండానే ఆయన రోజూ గేటు దాటేవాడు.

అన్నట్టు, ఆ వేళ్ళ సంగతి కాస్త పొంగించి చెప్పాను లెండి. వేసిన ఒట్టు గట్టు మీద పెట్టేస్తున్నాను. గదిలో అసలు వేగం పక్క బల్ల ఆవిడది. ఆవిణ్ణి అందరూ చెల్లెమ్మ అంటారు. ఈయన ఒక మోస్తరు. మీటలు బాదే చప్పుడుకి బల్ల మీది కాగితాలు ఎగిరి పడుతుంటే, ఆవిడే "తుపాను" అని పేరు పెట్టింది.

ఒకరోజు కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఊడిపడ్డాడు. ఎన్ని కబుర్లు పెట్టినా రాడనీ, వస్తే టీ చేతికందిస్తే తప్ప కదలడనీ అతన్ని అల్లుడు అంటారు.

"ఏం అల్లుడూ, ఇన్నాళ్ళకి అత్తారిల్లు గుర్తొచ్చిందా?" అంది చెల్లెమ్మ.

"మర్యాదలు సరిగ్గా జరగట్లేదత్తా, అందుకే రావట్లేదు. టీ ఏది?"

టీ తాగాడు. పెద్ద కంప్యూటరు ముందు కూర్చుని, సోదా అంతా రాత్రిపూట జరిగేట్టు మార్చేశాడు. తుపాను అతని వెనక నిలబడి ఏ మీట తర్వాత ఏ మీట నొక్కుతున్నాడో చూశాడు.

మర్నాటి నుంచి కంప్యూటర్లు తాడు తెంచుకున్న దూడల్లా పరిగెత్తాయి. చెల్లెమ్మ బల్ల మధ్యాహ్నానికే ఖాళీ. తుపాను బల్ల మీద చీటీలు పుట్ట పెరిగినట్టు పెరిగాయి.

సూపర్వైజరు వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఏమండీ, తుపాను తీరం దాటిందా? చప్పుడే లేదు!"

"నా మెషీనుకి ఇంకా జబ్బు తగ్గలేదు సార్."

"అయితే అల్లుణ్ణి మీ పక్కనే కూర్చోబెట్టి చూపిస్తాలెండి. లోపం ఎక్కడుందో తేలిపోతుంది."

తుపాను చీటీల పుట్ట వెనక్కి చెయ్యి లాక్కున్నాడు.

మర్నాడు అందరికంటే ముందు వచ్చాడు. పెద్ద కంప్యూటరు పాస్‌వర్డు దొంగిలించే పని లేదు. మరిచిపోతామని గోడ మీదే రాసి పెట్టుకున్నారు. మౌసును రెండు చేతులా పట్టుకుని, మూడు కంప్యూటర్లకీ పూర్తి సోదా పెట్టాడు. చెల్లెమ్మ వచ్చి, "మళ్ళీ మొదలెట్టింది దరిద్రం!" అని తల పట్టుకుంటే, ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటి నుంచి రోజూ అదే పని. అల్లుడికి కబురు పెడితే వస్తున్నానన్నాడు. వస్తూనే ఉన్నాడు.

ఆ గదిలో ఒక కట్టడి ఉంది. వెనకెప్పుడో ఎవరో చీటీ చూసి ఒకరి అంకెలు మరొకరి పేరున ఫోనులో చెప్పారట. అప్పటి నుంచి రిపోర్టు కంప్యూటర్లోకి ఎక్కి నంబరు పడితే తప్ప వార్డుకి ఫోను చెయ్యకూడదు. వాళ్ళూ వినరు.

ఒక పొద్దున ఎర్ర సిరాతో సున్నా చుట్టిన చీటీ తుపాను బల్ల మీదికొచ్చింది. కిడ్నీలు చెడి చేరిన లారీ డ్రైవరుది. రక్తంలో పొటాషియం హద్దు దాటింది. ఇంకా పెరిగితే గుండె ఆగుతుంది, డాక్టరుకి వెంటనే తెలియాలి. ఎర్ర సున్నాకి అర్థం అదే.

తెర మీద చక్రం తిరుగుతోంది.

తుపాను లేచి మూలకెళ్ళాడు. సోదా ఆపే గుర్తు నువ్వుగింజంత ఉంది. మౌసు బాణాన్ని దాని మీదికి తెస్తే ఈగలా లేచి పక్కన వాలుతోంది. రెండు చేతులా అదిమి నొక్కాడు. నొక్కింది పక్కదాన్ని. సోదా మళ్ళీ మొదటికొచ్చింది.

చెల్లెమ్మ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. పిలవాలంటే చెయ్యి చూపించాలి. ఈ పని ఎవరు చేశారో కూడా తెలిసిపోతుంది. పిలవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

కిటికీ దగ్గర డ్రైవరు భార్య. "అన్నా, కాయితం వచ్చిందా? అది చూస్తేగానీ మందు మార్చరంట."

"సోదా జరుగుతోందమ్మా."

"సోదానా? ఎవరికోసమన్నా?"

ఆయన కిటికీ రెక్క మూశాడు. వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని నలుపుకుంటే వణుకు తగ్గుతుందేమోనని చూశాడు. ఇంకా ఎక్కువైంది. ఆమె రెక్క మీద తట్టింది. వెళ్ళింది, మళ్ళీ వచ్చి తట్టింది.

చివరికి, "చెల్లెమ్మా, ఒకసారి ఇటు రా" అన్నాడు.

ఆవిడ వచ్చి తెర చూసింది. ఆయన చెయ్యి చూసింది. ఒక్క నొక్కుతో సోదా ఆపింది. "ఎన్నాళ్ళ నుంచన్నయ్యా?" అని మాత్రం అడిగి, ఆ చీటీ తనే లాక్కుని టకటకా కొట్టేసింది. నంబరు పడగానే ఫోను అందుకుంది.

అవతలి నర్సు అంది: "ఆ మంచం ఇప్పుడే ఖాళీ అయిందండీ."

సాయంత్రం సూపర్వైజరు అందర్నీ కూర్చోబెట్టి యాంటీవైరస్‌ని దుమ్మెత్తి పోశాడు. "మనిషిని మింగేసింది మాయదారిది! రేపే పీకించేస్తా."

తుపాను లేచాడు. "అది కాదు సార్. సోదా పెట్టింది నేను."

"ఊరుకోండి. మీకు మెయిల్ తెరవడమే సరిగ్గా రాదు."

అప్పుడు తుపాను కుడిచెయ్యి చాచి దీపం కింద పెట్టాడు. అది అందరి ముందూ గిలగిలా కొట్టుకుంది.

ఇందులో ఒకటి నేను కల్పించాను. ఆయన లేవలేదు. చెయ్యి చాచలేదు. ఒక చేత్తో రెండో చేతిని ఒళ్ళో అదిమి పట్టుకుని, సూపర్వైజరు తిట్టిన ప్రతి తిట్టుకీ తల ఊపుతూ కూర్చున్నాడు. చెల్లెమ్మ ఆయన వైపు చూస్తూనే ఉంది. ఆవిడా ఏమీ అనలేదు. అలా కూర్చోబెట్టి వదిలెయ్యడానికి నాకే మనసొప్పక, లేపి నిలబెట్టాను.