ఓబుళమ్మ మజ్జిగ తాగిన కడ్డీ

నేను ఒక ఇనుప కడ్డీని. మూరెడు పొడవు, ఒక కొస సూది. ముందు జన్మలో లారీ యాక్సిలును. కొలిమిలో కాల్చి, సాగదీసి, భూమిలో నీళ్లజాడ కొలిచే జిలానీ సారు చేతికిచ్చారు.

మేం నలుగురం ఒకే వరుసన నేలలో దిగుతాం. కొసలనున్న ఇద్దరం కరెంటు పంపుతాం. నడిమివాళ్లిద్దరూ అది ఎంత సులువుగా పారిందో సారు కొలతపెట్టెకు చెబుతారు. మమ్మల్ని ఎడంగా జరిపేకొద్దీ మా చూపు లోతుకు పోతుంది. ఉత్త రాయి కరెంటును అడ్డగిస్తుంది, పెట్టెలో అంకె ఎక్కువ చూపుతుంది. నీళ్లూరిన రాయి దారి ఇస్తుంది, అంకె దిగుతుంది. మనుషులకు మాత్రం ఇదంతా దేవుడు పలికినట్టే. నా నెత్తిన బొట్టు పెట్టేదీ వాళ్లే, సమ్మెటతో మొత్తేదీ వాళ్లే.

ఆ ఏడు ఓబుళమ్మ చీనీతోట, అదే బత్తాయితోట, ఎండుతోంది. మూడు బోర్లు దుమ్మే కక్కాయి. నాలుగోదీ తప్పితే చెట్లన్నీ కట్టెలమోపులే.

ఆమె మొగుడు లింగన్న గట్టు పక్కన చోటు చూపించాడు. మేం దిగామో లేదో, పెట్టెలో అంకె దబ్బున పడింది.

"నీళ్లే! చెప్పలా నేను?" అంటూ లింగన్న టెంకాయ కూడా కొట్టేశాడు.

ఓబుళమ్మ కాలితో మన్ను గీరింది. "సారూ, ఈడ మా మామ కాలంనాటి ఇనుప పైపు పూడ్చిండాం. మన్ను తోసింది నేనే."

జిలానీ నుదురు కొట్టుకున్నాడు. "బతికించినావమ్మా! కరెంటు ఆ పైపు పట్టుకొని పోతాంది."

"పైపుకు టెంకాయ కొడితివే! సట్నీ నూరి పెడతా, తిందువుగానీ పో," అంది ఆమె మొగుడితో.

పైపుకు దూరంగా, చెట్ల నడుమ కొత్త వరుస. నేల పెంకులా ఉంది. మొదలు తడవందే నా నుంచి కరెంటు దిగదు. ఉప్పునీళ్ల క్యాను ఖాళీ. ఓబుళమ్మ తన సద్ది ముంతలోని ఉప్పుమజ్జిగ నా మొదట్లో కుమ్మరించింది. నేల నన్ను చల్లగా పట్టుకుంది!

ఇరవై మీటర్ల ఎడం, రాయి. నలభై, రాయి. "ఇంకా జరుపప్పా!" అని జిలానీ అరిచాడు. లింగన్న నన్ను పెరికి పరుగెత్తాడు. ఎనభై దగ్గర అంకె దిగింది. ఇంకా దిగింది! జిలానీ నమ్మలేక మళ్లీ కొలిచాడు. అదే అంకె. బోరు వేసే చోట నన్నే గుర్తుగా పాతాడు.

మర్నాడు బోరుబండి రాగానే ఓబుళమ్మ నన్ను పెరికి చేతపట్టుకుంది. మధ్యాహ్నం దాకా తెల్లదుమ్మే. ఆమె పిడికిలి నా చుట్టూ బిగుస్తూనే ఉంది. దుమ్ము ముద్దయింది, ముద్ద బురదయింది, ఆ వెనకే చెట్లకు మించి నీళ్లు లేచాయి!

జిలానీ నాకోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇంకోటి చేయించుకో సారూ. ఇది నా మజ్జిగ తాగింది."

ఇప్పుడు నేను ఆ బోరునీళ్ల కాలవ పక్కన దూడను కట్టే గూటాన్ని. నా కాలు ఆరే పొద్దే లేదు. తుప్పుపట్టి పొరలుపొరలుగా రాలిపోతున్నాను. రాలనీ, తడిసే కదా!